కరెంటు పోయిన గంట

సాయంత్రం ఏడు గంటలు. హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటు. దాని సెల్లారులో మా చదువు తరగతి జరుగుతోంది. వాచ్‌మన్ భార్య వచ్చింది. ఇళ్లలో పనిచేసే ఇద్దరు అక్కలు వచ్చారు. నాలుగో అంతస్తులో అద్దెకుండే కుట్టుమిషను అక్క కూడా వచ్చింది. ఒత్తుల పాఠం చెబుతున్నాను. కరెంటు పోయింది.

మూలనున్న జనరేటరు మోగింది. లిఫ్టు కదిలింది. మెట్ల మీద దీపాలు వెలిగాయి. నాలుగో అంతస్తు ఇంట్లో మాత్రం చీకటే. ఆ జనరేటరు లిఫ్టుకు, నీళ్ల మోటారుకు, మెట్ల దీపాలకే. చాలా అపార్ట్‌మెంట్లలో ఇంతే. కొన్నింటిలో ఇళ్లకు కూడా ఇస్తారు, ఖర్చు అందరూ పంచుకుంటారు. అద్దెకు దిగేముందే ఈ సంగతి అడగాలి.

కుట్టుమిషను అక్క లేచి నిలబడింది.

"రేపటికి పెళ్లోళ్ల జాకెట్లు ఇయ్యాలె టీచరమ్మా. మోటారు మిషను కొన్నంక కాలి మిషను అమ్ముకున్న. కరెంటు లేకుంటే చెయ్యి ఆడదు. ఇన్వర్టరు కొందామని దుకాణానికి పోయిన. రెండు బ్యాటరీలు కావాలె, నలభై వేలు అయితదన్నడు. పొదుపు సంఘంల అప్పు అడుగుత."

ఆమె జాకెట్టుకు 200 రూపాయలు తీసుకుంటుంది. 40,000 అంటే ఎన్ని జాకెట్లు? వేళ్ల మీద లెక్క పెట్టాం. 200 జాకెట్లు! ఆమె నోట మాట రాలేదు.

"అక్కా, అప్పు రేపు అడుగుదువు. ముందు నీకు ఎంత కరెంటు కావాలో చూద్దాం" అన్నాను. ఒత్తులు పక్కన పెట్టాం.

మన ఇంటి మీద నీళ్ల ట్యాంకు ఉంటుంది కదా? నీళ్లు వచ్చినప్పుడు నిండుతుంది. రానప్పుడు వాడుకుంటాం. బ్యాటరీ కూడా అంతే. కరెంటు ఉన్నప్పుడు నిండుతుంది. కరెంటు పోగానే ఇన్వర్టరు అందులోంచి తీసి ఇస్తుంది. నింపే కరెంటు మన మీటరు మీదే పడుతుంది. బిల్లు కొంచెం పెరుగుతుంది.

ఏ సామాను ఎంత కరెంటు తాగుతుందో దాని మీదే రాసి ఉంటుంది. ఆ కొలత పేరు వాట్లు. అంకె పక్కన డబ్ల్యూ అనే ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. రెండు లోయలు పక్కపక్కన ఉన్నట్లు కనిపిస్తుంది. "ఇంటికి పోయి చూసి రాసుకు రండి" అన్నాను. మర్నాడు అందరూ చీటీలు తెచ్చారు. వాచ్‌మన్ భార్య తన ఫ్యాను డబ్బా మీద 75 అని తానే చదివింది. మొగుడిని అడగలేదట!

కుట్టుమిషను అక్క చీటీ ఇది. ఫ్యాను 75 వాట్లు. రెండు ఎల్‌ఈడీ దీపాలు, ఒక్కోటి 9. మిషను మోటారు 100. మొత్తం 193. సుమారు 200 అనుకుందాం.

ఇప్పుడు బ్యాటరీ. దాని మీద 100, 150 అని అంకె ఉంటుంది. పక్కన ఏహెచ్ అని ఉంటుంది. ఆ అంకెను 12తో గుణించాలి. 100 బ్యాటరీ అయితే 1200 వస్తుంది. అంతా మన చేతికి రాదు. కొంత ఇన్వర్టరే తింటుంది. బ్యాటరీని అడుగంటా తోడేస్తే త్వరగా పాడవుతుంది. మూడింట రెండు వంతులే లెక్క వేసుకోవాలి. అంటే 800. దాన్ని 200తో భాగిస్తే 4. అక్క ఇంట్లో 4 గంటలు నడుస్తుంది. బ్యాటరీ పాతబడ్డాక ఇంకా తగ్గుతుంది.

మరి కరెంటు ఎంతసేపు పోతోంది? ఆమె పదిహేను రోజులు క్యాలెండరు మీద రాసింది. ఎక్కువసేపు పోయిన రోజు కూడా 2 గంటలే. ఒక్క బ్యాటరీ చాలు. అప్పటికి ఆమెకు పదహారు వేలలో తేలింది. దుకాణాయనను నేను దొంగ అనను. ఎంత పెద్దది అమ్మితే ఆయనకు అంత లాభం. మన అవసరం ఆయనెందుకు లెక్క వేస్తాడు?

కొనేటప్పుడు సైన్‌వేవ్ రకం అడగండి. స్క్వేర్‌వేవ్ రకం చవకే, కానీ దానితో ఫ్యాను గుయ్యిమంటుంది, మోటారు వేడెక్కుతుంది. ఇస్త్రీపెట్టె, గీజరు చిన్న ఇన్వర్టరుకు తగిలించకండి. గీజరు ఒక్కటే 2000 వాట్లు తాగుతుంది. అక్క ఇస్త్రీ పని కరెంటు ఉన్నప్పుడే చేసుకుంటోంది.

బ్యాటరీలో యాసిడ్ ఉంటుంది. పిల్లల చేతికి అందకూడదు. నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. కుళాయి నీళ్లు వద్దు. బ్యాటరీ నిండేటప్పుడు మండే గాలి వస్తుంది. అందుకే గాలి ఆడే చోట పెట్టాలి. దాని దగ్గర దీపం, అగరుబత్తి వెలిగించకూడదు. మెట్ల దారిలో అసలే వద్దు. నిప్పు అంటుకుంటే అందరూ పరుగెత్తే దారి అదే.

"చిన్న జనరేటరు తెచ్చి బాల్కనీల పెట్టుకుంటే కాదా?" అని వాచ్‌మన్ భార్య అడిగింది. వద్దక్కా. ఇంట్లోనూ వద్దు, బాల్కనీలోనూ వద్దు. జనరేటరు పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే పోతారు. పై ఇంటి కిటికీలోకి కూడా వెళుతుంది.

ఇది నాకు ముందు తెలియదు. ఆ వేసవిలో మా సెల్లారు జనరేటరు పొగ గొట్టం పగిలింది. తరగతిలో మాకు తలనొప్పి వచ్చింది. ఒకామెకు కళ్లు తిరిగాయి. ఎండ దెబ్బ అనుకున్నాం. మజ్జిగ తాగించాం! గొట్టం బాగుచేయడానికి వచ్చిన మేస్త్రీ చూసి, మమ్మల్ని తిట్టి బయటికి పంపాడు. ఇప్పుడు మా తరగతి గేటు పక్కన వేపచెట్టు కింద.

మేడ మీద సోలారు పలకలు వేస్తే? మేడ ఒక్కరిది కాదు, అందరిదీ. అందరూ ఒప్పుకోవాలి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో అపార్ట్‌మెంటు సంఘాలకు కూడా సాయం ఉంది. బిల్లు తగ్గుతుంది. కానీ బ్యాటరీ లేని మామూలు సోలారు, కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. ఎందుకు? స్తంభం మీద లైన్‌మన్ పనిచేస్తుంటాడు. మన మేడ నుంచి కరెంటు తీగలోకి వెళితే అతని ప్రాణం పోతుంది.

ఇన్వర్టరు కొనలేని ఇంటికి ఛార్జింగు బల్బు ఉంది. మామూలు హోల్డరులోనే పెట్టాలి. కరెంటు పోయినా కొన్ని గంటలు వెలుగుతుంది. కొవ్వొత్తి కన్నా ఎంతో నయం. వాచ్‌మన్ భార్య ఇంట్లో ఇప్పుడు అదే వెలుగుతోంది.

ఈ లెక్క మీరు చేయండి:
ఒక ఇంట్లో ఫ్యాను 75 వాట్లు. టీవీ 60. రెండు దీపాలు, ఒక్కోటి 9. ఫోను ఛార్జరు 7. బ్యాటరీ 100 ఏహెచ్. అన్నీ ఒకేసారి వేస్తే ఎన్ని గంటలు నడుస్తాయి? టీవీ కట్టేస్తే ఎన్ని గంటలు?