రోలై 35కి తగిన చిన్న ఫ్లాష్

ప్రశ్న: రోలై 35 ఫిల్మ్ కెమెరాకు ఎలాంటి ఫ్లాష్ కొనాలి?

జవాబు: 1966లో వచ్చిన రోలై 35లో ఫ్లాష్ తగిలించే హాట్ షూ కెమెరా అడుగున ఉంటుంది. మామూలుగా పట్టుకుంటే వెలుగు కిందినుంచి పడి, ముక్కు నీడ నుదుటి వైపు పాకుతుంది. అందుకే ఫ్లాష్ వాడేటప్పుడు కెమెరాను తలకిందులుగా పట్టుకోవాలి. జేబులో పట్టే ఈ కెమెరాకు తేలికపాటి ఫ్లాషే నప్పుతుంది.

ఫ్లాష్ శక్తిని గైడ్ నంబరు చెబుతుంది. దాన్ని దూరంతో భాగిస్తే పెట్టాల్సిన అపర్చర్ వస్తుంది. ఐఎస్ఓ 100 ఫిల్ముకు గైడ్ నంబరు 20 అయితే, రెండున్నర మీటర్ల దూరంలో ఉన్న మనిషికి ఎఫ్/8 పెట్టాలి. ఐఎస్ఓ 400 ఫిల్ము వేస్తే అదే ఎఫ్/8తో వెలుగు ఐదు మీటర్ల దాకా అందుతుంది. ఇంట్లో తీసే ఫొటోలకు ఈ శక్తి చాలు.

తిరిగొచ్చే వెలుగును సెన్సరుతో కొలిచి, తగినంత కాగానే ఆగిపోయే ఆటో ఫ్లాష్ అయితే ప్రతిసారీ లెక్క వేయనక్కర్లేదు. లెన్స్ 40 మి.మీ. కనుక, 35 మి.మీ. లెన్స్ చూసే మేరకు వెలుగు పరిచే ఫ్లాష్ ఎంచుకోవాలి. లేకుంటే ఫొటో మూలలు చీకటిపడతాయి. పాత ఫ్లాష్ కొనేముందు బ్యాటరీ మూత తీసి, లోపలి రేకులకు తుప్పు పట్టలేదని చూసుకోవాలి.