గేరుపెట్టె ఎందుకు పాడవుతుంది?

విద్యార్థులారా! ముదినేపల్లి చుట్టుపక్కల చేపల చెరువులో పట్టుబడి జరిగే రోజును గమనించారా? తెల్లవారకముందే శీలావతి, బొచ్చె చేపలను వలలతో లాగి, ట్రేలకెత్తి చిన్న డీజిలు వ్యానులో వేస్తారు. నల్లమట్టి గట్టు మీద చక్రాలు దిగబడుతుంటే డ్రైవరు మొదటి గేరు వేసి బండిని మెల్లగా రోడ్డెక్కిస్తాడు. అక్కడినుంచి చేపలు ఐసు చేరాలి. తరువాత లారీలలో వెయ్యి కిలోమీటర్లు దాటి కోల్‌కతా దాకా పోవాలి. గట్టు మీదే గేరుపెట్టె మొరాయిస్తే? ఎండెక్కేకొద్దీ చేప మెత్తబడుతుంది. నెలల తరబడి మేత వేసి పెంచిన రైతు కష్టం నీటిపాలవుతుంది.

గేరు చేసే పని

15 పళ్లున్న చిన్న చక్రం 60 పళ్లున్న పెద్ద చక్రాన్ని తిప్పుతోందనుకోండి. చిన్నది నాలుగు చుట్లు తిరిగితే పెద్దది ఒక్క చుట్టే తిరుగుతుంది. వేగం నాలుగో వంతవుతుంది. దానికి బదులుగా తిప్పే బలం, అంటే మీరు చదువుకున్న బలభ్రామకం, సుమారు నాలుగు రెట్లవుతుంది. ఇంజను 200 న్యూటన్-మీటర్లు ఇస్తే బయటికి 800 వస్తుందన్నమాట. నిజం బండిలో ఈ పనిని రెండు జతల చక్రాలు కలిసి చేస్తాయి. లెక్క సులువుగా ఉండాలని మనం ఒకే జత తీసుకున్నాం.

ఈ భారమంతా పడేది ఒకటి రెండు పళ్ల మీదనే! అందుకే ఆ పళ్లను ప్రత్యేకమైన ఉక్కుతో చేస్తారు. ఉక్కును 900 డిగ్రీల సెంటీగ్రేడుకు పైగా వేడిచేసి, పై పొరకు కర్బనం పట్టించి, చప్పున చల్లారుస్తారు. పై పొర అరగనంత గట్టిగా, లోపలి భాగం దెబ్బకు విరగనంత సాగుడుగా ఉంటాయి.

మరి అంత గట్టిది ఎందుకు విరుగుతుంది?

మొదటి కారణం కుదుపు. క్రికెట్ బంతిని పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాగుతారు కదా? ఆగే సమయం పెరిగితే బలం తగ్గుతుంది. బురదలో దిగబడిన బండికి ఇంజనును హోరెత్తించి క్లచ్చిని ఒక్కసారిగా వదిలితే ఇందుకు వ్యతిరేకంగా జరుగుతుంది. వేగంగా తిరుగుతున్న బరువైన ఫ్లైవీలు క్షణంలో ఆగవలసివస్తుంది. ఆ దెబ్బ పళ్లకు తగులుతుంది.

రెండవది అధిక బరువు. మోయదగిన దానికి రెట్టింపు వేస్తే పళ్లు ఆ రోజే విరగకపోవచ్చు. కాని పదేపదే వంగిన తీగ చివరికి తెగినట్లు, లోహం అలసి సన్నని పగులు పుడుతుంది.

మూడవది కందెన నూనె. పళ్ల మధ్య నూనె పొర ఉన్నంతకాలం లోహం లోహాన్ని నేరుగా రాసుకోదు. ఒకసారి మా ఊరి మెకానిక్కు ఒక వ్యాను గేరుపెట్టె బిరడా విప్పితే నూనెకు బదులు పాలవంటి ద్రవం కారింది! ఆ బండి వారం క్రితం వరదనీటిలో నడిచింది. గేరుపెట్టెకు గాలి ఆడే చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. వేడిగా ఉన్న పెట్టె నీటిలో దిగగానే చల్లబడుతుంది. లోపలి గాలి పీడనం తగ్గుతుంది. ఆ రంధ్రం మునిగి ఉంటే నీరు లోపలికి పీల్చబడుతుంది. 2024 సెప్టెంబరులో వచ్చినట్లు బుడమేరు వరద కొల్లేటి ఊళ్లను ముంచినప్పుడు, నీటిలో నడిచిన ప్రతి బండికీ ఈ ప్రమాదం ఉంటుంది. నీరు తగ్గగానే నూనె చూసి మార్చుకోవడమే మందు.

చూశారా! ఉక్కులో లోపం కన్న మనిషి అజాగ్రత్తే గేరుపెట్టెకు తరచు శత్రువు.

చేసి చూడండి

1. ఒక గాజుసీసాను గోరువెచ్చని నీటితో కడిగి ఖాళీ చేయండి. వెంటనే దాని మూతిని చల్లని నీటిలో ముంచి తలకిందులుగా నిలపండి. సీసా చల్లారేకొద్దీ ఏం జరుగుతుంది?

2. మీ సైకిలు ముందు, వెనుక చక్రాల పళ్లు లెక్కపెట్టండి. అక్కడ పెరుగుతున్నది బలమా, వేగమా?