కీళ్ల నొప్పులు స్త్రీలకే ఎందుకు ఎక్కువ?



తెల్లవారి లేవగానే వేళ్లు ముడుచుకోక, చీపురు కూడా పట్టలేకపోతున్నారా? కళ్యాణదుర్గం ప్రాంతంలో ఇలాంటి నొప్పికి మనం చెప్పుకునే కారణాలు మూడు: ఫ్లోరైడ్ నీళ్లు, చేలో కూలిపని, ఎప్పుడో వచ్చిన చికున్‌గున్యా. ఇవి నిజమే కావచ్చు. కానీ నాలుగో కారణం కూడా ఉంది. అది రుమటాయిడ్ కీళ్లవాతం. దానిని ఆలస్యంగా గుర్తిస్తే వేళ్లు శాశ్వతంగా వంకరపోవచ్చు.

ఇది ఎలా వస్తుంది?

రోగనిరోధక శక్తి మన శరీరానికి కావలివాడు. బయటి క్రిములను తరిమికొడుతుంది. ఒక్కోసారి అదే పొరపాటున సొంత శరీరం మీద దాడి చేస్తుంది. వీటినే ఆటో ఇమ్యూన్ వ్యాధులంటారు. దాడి కీళ్ల మీదైతే రుమటాయిడ్ కీళ్లవాతం. చర్మం, కీళ్లు, మూత్రపిండాల మీదైతే లూపస్. కండరాల మీదైతే మయోసైటిస్. సినీనటి సమంత 2022లో తనకు ఉందని చెప్పినది ఈ మయోసైటిసే.

స్త్రీలలో ఎందుకు ఎక్కువ?

ఆటో ఇమ్యూన్ రోగులు ఐదుగురిలో సుమారు నలుగురు స్త్రీలే. లూపస్‌లో పదిమందిలో తొమ్మిదిమంది. సాధారణంగా స్త్రీల రోగనిరోధక శక్తి పురుషులకంటే చురుకైనది. టీకా వేస్తే యాంటీబాడీలు ఎక్కువగా తయారయ్యేది వారిలోనే. స్త్రీకి రెండు ఎక్స్ క్రోమోజోములుంటాయి, పురుషునికి ఒక్కటే. రోగనిరోధక శక్తికి సంబంధించిన జన్యువులు చాలా ఈ ఎక్స్ మీదే ఉన్నాయి. ఈస్ట్రోజన్ హార్మోను కూడా ఆ శక్తిని పెంచుతుంది. ఎక్కువ రక్షణ ఇచ్చే ఆ చురుకుదనమే దారితప్పే అవకాశాన్నీ పెంచుతుంది. ఇది శాపం కాదు, అంటువ్యాధి కాదు.

గుర్తించడం ఎలా?

• రెండు చేతుల వేళ్ల కణుపులు, మణికట్లు వాచడం.
• ఉదయం బిగుతు గంటకు పైగా ఉండి, కదిలేకొద్దీ సడలడం. పని నొప్పి అయితే విశ్రాంతితో తగ్గుతుంది.
• ఆరు వారాలు దాటినా తగ్గకపోవడం.
• కాన్పు తరువాత నెలల్లో నొప్పులు మొదలవడం లేదా తిరగబెట్టడం. బాలింత వాతమని ఊరుకోకండి.

ఫ్లోరైడ్ వల్ల ఎక్కువగా మెడ, నడుము బిగుసుకుంటాయి. అవే నీళ్లు తాగే మగవారికీ వస్తుంది. బుగ్గల మీద ఎర్రమచ్చలు, నోటిపూత, జుట్టు రాలడం, కాళ్లవాపు ఉంటే లూపస్ కావచ్చు.

ఏమి చేయాలి?

1. వెంటనే వైద్యునికి చూపించి రక్తం, మూత్రం పరీక్ష చేయించుకోండి. మొదటి నెలల్లోనే మందులు మొదలుపెడితే కీళ్లను కాపాడుకోవచ్చు.
2. నొప్పి తగ్గుతుందని ఊళ్లో తరచూ స్టిరాయిడ్ సూదులు వేయించుకోకండి. ఎముకలు గుల్లబారతాయి, షుగరు పెరుగుతుంది. చాలాకాలంగా స్టిరాయిడ్ మాత్రలు వాడుతుంటే హఠాత్తుగా మానకండి. వైద్యుని అడిగి తగ్గించుకోండి.
3. ఈ జబ్బుకు ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్క రోజే. రోజూ మింగితే ప్రాణాపాయం. గర్భిణులు దీనిని వాడకూడదు; బిడ్డ కావాలనుకుంటే ముందే వైద్యునికి చెప్పండి.

భర్తలారా, అత్తలారా! ఉదయం లేవలేని ఇల్లాలిని పనిదొంగ అనకండి. ఆసుపత్రికి తోడు రండి.

సువార్తలో పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడి, ఉన్నదంతా వైద్యులకు ఖర్చుపెట్టిన స్త్రీని మనం ఎరుగుదుము. మన అక్కచెల్లెళ్లు అన్నేళ్లు ఓర్చుకోనక్కరలేదు. ప్రార్థన చేయండి, మందులూ మానకండి.