లైనక్స్‌లో విండోస్ గేమ్ ఎలా నడుస్తుంది?

సెకండ్ సెమ్ ఎగ్జామ్స్ అయిపోయిన రోజే నా ల్యాప్‌టాప్‌లో విండోస్ మొత్తం తీసేసి లైనక్స్ వేశాను. రూమ్మేట్ చూసి నవ్వాడు. "రేయ్ మామా, ఇక గేమ్స్ ఎలా ఆడతావురా? టెర్మినల్‌లోనా?"

అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆరు నెలలయ్యాక ఉంది. కొన్ని గేమ్స్ హాయిగా ఆడొచ్చు, కొన్ని అస్సలు ఆడలేం. ఏది ఎందుకో ఇక్కడ చెప్తాను.

గేమ్ ఓఎస్‌ని ఏం అడుగుతుంది?

ప్రాసెసర్‌కి విండోస్, లైనక్స్ అనే తేడా లేదు. మన ల్యాప్‌టాప్‌లలో రెండింటి కిందా ఉండేది అదే ఎక్స్86 చిప్. గేమ్‌లోని లెక్కలు, లూపులు ఎక్కడైనా ఒకేలా నడుస్తాయి. చిక్కంతా గేమ్ ఓఎస్‌ని ఏదైనా అడిగినప్పుడే: "ఈ ఫైల్ తెరువు", "ఇంత మెమరీ ఇవ్వు" అని. అడిగే పద్ధతి రెండు చోట్లా వేరు.

మన హాస్టల్ సంగతే తీసుకోండి. వేరే హాస్టల్ నుంచి ఒకడు వచ్చి, అవుట్‌పాస్ కోసం పాత హాస్టల్ ఫారమే నింపి తెచ్చాడు. ఇక్కడి వార్డెన్‌కి అది అర్థం కాదు. మధ్యలో ఒక సీనియర్ కూర్చుని ఆ ఫారాన్ని మన ఫార్మాట్‌లో తిరగరాసిస్తే పని అయిపోతుంది. వచ్చినవాడికి హాస్టల్ మారిందనే తెలీదు.

ఆ సీనియరే వైన్. 1993లో మొదలైన ప్రాజెక్ట్ ఇది. "వైన్ ఈజ్ నాట్ యాన్ ఎమ్యులేటర్" అన్నదే పేరుకి పూర్తి రూపం. ఎమ్యులేటర్ మొత్తం వేరే మెషీన్‌ని అనుకరిస్తుంది. వైన్ చేసేది అనువాదం మాత్రమే, అందుకే స్పీడ్ పెద్దగా తగ్గదు.

మరి గ్రాఫిక్స్?

విండోస్ గేమ్స్‌లో ఎక్కువ శాతం బొమ్మలు గీయడానికి డైరెక్ట్3డీ వాడతాయి. లైనక్స్‌లో అది లేదు, వల్కన్ ఉంది. డైరెక్ట్3డీ 9, 10, 11 మాటల్ని డీఎక్స్‌వీకే వల్కన్‌లోకి మారుస్తుంది. 12 సంగతి వీకేడీ3డీ-ప్రోటాన్ చూసుకుంటుంది. వాల్వ్ కంపెనీ 2018లో వైన్‌ని, డీఎక్స్‌వీకేని కలిపి ప్రోటాన్ పేరుతో స్టీమ్‌లోనే పెట్టేసింది. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ నడిచేది కూడా లైనక్స్ మీదే, కాబట్టి ప్రోటాన్ బాగుండటం వాళ్లకీ అవసరమే.

నేను దెబ్బతిని నేర్చుకున్నవి రెండు. ఒకటి, కొత్త గేమ్ మొదట్లో ఆగి ఆగి నడిస్తే భయపడకండి. షేడర్లు అప్పుడే కంపైల్ అవుతుంటాయి, ఒకసారి సేవ్ అయ్యాక సాఫీగా నడుస్తుంది. రెండు, పాత ఎన్‌టీఎఫ్ఎస్ పార్టిషన్‌లో ఉన్న గేమ్స్‌ని అక్కడి నుంచే ఆడాలని చూడకండి. ప్రోటాన్ ప్రతి గేమ్‌కి ఒక చిన్న ఉత్తుత్తి సీ డ్రైవ్ తయారు చేస్తుంది. దానికి కావలసిన ఫైల్ పేర్లు, లింకులు ఎన్‌టీఎఫ్ఎస్‌లో సరిగ్గా కుదరవు. గేమ్‌ని లైనక్స్ పార్టిషన్‌లోకి మార్చేయండి.

అసలు గోడ ఎక్కడుంది?

యాంటీ చీట్ దగ్గర. కొన్ని యాంటీ చీట్‌లు ఫారం ఇచ్చి ఊరుకోవు, వార్డెన్ గదిలోనే కూర్చుంటామంటాయి. అంటే విండోస్ కెర్నెల్‌లో డ్రైవర్‌గా నడుస్తాయి. సీనియర్ ఫారాలు తిరగరాయగలడు గానీ, వార్డెన్ కుర్చీ ఇప్పించలేడు కదా! వాలరెంట్ లైనక్స్‌లో నడవకపోవడానికి కారణం ఇదే.

ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్‌ఐ 2021లో ప్రోటాన్‌కి దారి తెరిచాయి. కానీ ఆ స్విచ్ వేయాల్సింది గేమ్ డెవలపరే. ఎల్డెన్ రింగ్ వాళ్లు వేశారు, ఫోర్ట్‌నైట్ వాళ్లు వేయలేదు. ఏపెక్స్ లెజెండ్స్ అయితే చీటర్లు లైనక్స్‌ని వాడుకుంటున్నారని చెప్పి 2024లో ఉన్న దారి కూడా మూసేసింది. వాళ్ల భయం పూర్తిగా తప్పు అనలేను. లైనక్స్‌లో కెర్నెల్‌ని ఎవరైనా మార్చుకోవచ్చు. మనకి నచ్చేది ఆ స్వేచ్ఛే, వాళ్లు నమ్మలేనిదీ అదే.

మా స్కూల్ గ్యాంగ్ రోజూ రాత్రి పదింటికి ఆడే గేమ్ సరిగ్గా ఈ రకం. అది చూసుకోకుండానే నేను ఫార్మాట్ కొట్టేశాను. నలుగురం నాలుగు ఊళ్లలో ఉన్నాం, మేం కలిసేది ఆ గంటే. రెండు నెలలు వాయిస్ కాల్‌లో కూర్చుని వాళ్ల ఆట విన్నాను. తర్వాత అడిగితే, శనివారాలు కౌంటర్ స్ట్రైక్ 2 ఆడదామన్నారు. దానికి లైనక్స్ వెర్షన్ నేరుగా ఉంది. మిగతా ఆరు రోజులు వాళ్లు వాళ్ల గేమే ఆడుతున్నారు.

కాబట్టి మీరు మారాలనుకుంటే ముందు మీ గేమ్స్ లిస్ట్ రాసుకోండి. ఒక్కొక్కటీ ప్రోటాన్‌డీబీ సైట్‌లో వెతకండి. ఆన్‌లైన్ గేమ్ అయితే దాని యాంటీ చీట్ ఏదో, లైనక్స్‌లో ఒప్పుకుంటారో లేదో చూడండి. ఒప్పుకోని గేమ్ ఒక్కటి ఉన్నా, దాన్ని మీతో ఆడేవాళ్లు ఉంటే, విండోస్‌ని పక్క పార్టిషన్‌లో ఉండనివ్వండి. నేను ఈ సెలవుల్లో చేయబోయే పని అదే.