ఏసీ కంటే ముందు ప్లాను

ఇళ్ల ప్లాన్లు గీయడం, దగ్గరుండి కట్టించడం నా వృత్తి. ఇల్లు కట్టుకోబోయే పిల్లలు వచ్చి మొదట అడిగేది, “ఏ గదికి ఎన్ని టన్నుల ఏసీ కావాలండీ?” అని. అది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. అంతకుముందు తేల్చుకోవలసినవి ఇవి.

1. ఎండ దారి తెలుసుకోండి. హైదరాబాదులో మే రెండో వారానికి మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి వస్తాడు. అక్కణ్నుంచి ఆగస్టు మొదలుదాకా కాస్త ఉత్తరానికే ఉంటాడు. అందుకే దక్షిణపు కిటికీకి మామూలు సన్‌షేడ్ చాలు. కష్టమంతా పడమటి ఎండతోనే. అది ఏటవాలుగా సన్‌షేడ్ కిందనుంచి దూరి వస్తుంది. అటు మెట్లు, బాత్‌రూమ్, స్టోర్‌రూమ్ రానివ్వండి. వాస్తు ప్రకారం నైరుతిలోనే పడకగది కావాలంటే సరే, దాని పడమటి గోడకు లోపల అల్మరాలు, బయట చెట్టునీడ ఉండేలా చూడండి.

2. డబ్బు ముందు శ్లాబు మీద పెట్టండి. రోజంతా ఎండ కాసేది దానిమీదే. పగలు పీల్చుకున్న వేడిని రాత్రి గదిలోకి వదులుతుంది. పైన వేడిని ఆపే పొర, దానిమీద తెల్ల టైల్స్ గాని కూల్ పెయింట్ గాని వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా. తెలుపు మీద దుమ్ము పేరుకుంటే అంతగా పనిచేయదు, ఎండాకాలానికి ముందే కడగాలి.

3. కిటికీ ఎంత పెద్దదని కాదు, ఎంత తెరుచుకుంటుందని చూడండి. రెండు రెక్కల స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుంది. తలుపులా తెరిచే రెక్కల కిటికీ దాదాపు పూర్తిగా తెరుచుకుంటుంది. ఇళ్ల కోసం 2018లో వచ్చిన ఇంధన పొదుపు నియమావళి ‘ఎకో నివాస్ సంహిత’ లెక్కగట్టేది తెరుచుకునే భాగాన్నే. కోస్తా లాంటి ఉక్కపోత ప్రాంతాల్లో అది కార్పెట్ ఏరియాలో ఆరోవంతు ఉండాలంటుంది.

4. వచ్చిన గాలికి పోయే దారి ఉంచండి. ఒకే గోడకు రెండు కిటికీలు పెడితే లాభం తక్కువ, ఎదురెదురుగా పెట్టండి. వేడిగాలి పైకి పోతుంది కాబట్టి గోడ పైభాగాన వెంటిలేటర్ మానకండి. నడుమ ఆకాశానికి తెరిచి ఉండే మన మండువా ఇళ్లు చల్లగా ఉండేది ఇందువల్లే. హైదరాబాదులో 2004లో ప్రారంభమైన సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్ భవనం కూడా నడుమ ఆరుబయలు, జాలీ గోడలు, గాలి బురుజులతోనే కట్టారు.

5. ఎండను గాజుకు బయటే ఆపండి. లోపల కర్టెన్ వేసేసరికి వేడి గదిలోకి వచ్చేసి ఉంటుంది.

6. యంత్రాలు చివర. మామూలు ఫ్యాన్ 75 వాట్లు తీసుకుంటే బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 అటూఇటూ చాలు. ఏసీ 24 డిగ్రీల దగ్గర పెట్టి ఫ్యాన్ వేసుకోండి.

ప్లాను ఒప్పుకునే ముందు మీ ఇంజినీరును మూడే అడగండి: పడమటి ఎండ ఏ గదిమీద పడుతుంది? శ్లాబు మీద ఏం వేస్తున్నారు? కిటికీ ఎంత తెరుచుకుంటుంది? వీటికి సరైన జవాబులు వచ్చాకే ఏసీ టన్నుల లెక్క వేయించండి, అప్పుడు చిన్నది సరిపోవచ్చు.