వియత్నాం కంటే ముందు ఉట్నూరు

సెలవుల్లో వియత్నాం లాంటి దేశానికి వెళ్లి, సముద్రం పక్కన పల్లెలో పిల్లలకు ఇంగ్లిష్ చెప్పి, సర్టిఫికెట్‌తో తిరిగి రావచ్చన్న ప్రకటనలు డిగ్రీ పిల్లల ఫోన్లలో చాలానే తిరుగుతున్నాయి. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు సముద్రమే లేదాయె, ఆ ఫొటో ఒక్కటి చాలు మనసు లాగడానికి. వెళ్లొద్దని చెప్పను. కానీ ఆ కొన్ని వారాలు కెరీర్‌కు పనికొస్తాయా, ఫొటోలకేనా అన్నది ఇక్కడ మీరు చేసిన పనిని బట్టే ఉంటుంది.

ముందు డబ్బు, వీసా సంగతి. ఐసెక్ లాంటి విద్యార్థి సంస్థ 18 నుంచి 30 ఏళ్ల వాళ్లను ఆరు నుంచి ఎనిమిది వారాల వాలంటీరు పనికి పంపుతుంది. ఫీజు ఉంటుంది, విమానం టికెట్టు మన జేబులోంచే. కొన్ని ప్రైవేటు ఏజెన్సీలైతే లక్షలు అడుగుతాయి. అంత కట్టేటప్పుడు ఆ సొమ్ములో ఊరి బడికి చేరేదెంతో లిఖితపూర్వకంగా అడగండి. ఇక వీసా: జీతం తీసుకోకుండా పాఠం చెప్పినా చాలా దేశాల్లో అది పని కిందికే వస్తుంది, టూరిస్ట్ వీసా చెల్లదు. విజిట్ వీసా మీద గల్ఫ్‌కు పోయి కల్లివెల్లి అయిన (అంటే సరైన కాగితాల్లేకుండా చిక్కుకుపోయిన) వాళ్ల కథలు విన్న జిల్లాలు మనవి. ‘అక్కడికి పోయాక చూసుకుందాం’ అనే ఏజెంటును నమ్మాల్సిన పనిలేదు.

బయటి మనిషి వచ్చి చదువు చెప్పడమంటే ఎలా ఉండాలో మన దగ్గరే ఒక పాత ఉదాహరణ ఉంది. 1940లో ఆదిలాబాద్ అడవుల్లోని జోడేఘాట్‌లో, నిజాం మీద తిరగబడ్డ గోండు నాయకుడు కుమ్రం భీం నేలకొరిగాక, గోండుల కష్టాలేమిటో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్‌ను పంపింది. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త ఆయన. చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉండడంతో రెండో ప్రపంచయుద్ధం వేళ శత్రుదేశస్థుడిగా హైదరాబాద్ సంస్థానం దాటకుండా చిక్కుకుపోయాడు. భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి ఆ అడవుల్లోని మార్లవాయి ఊళ్లో మకాం పెట్టి, గోండి నేర్చుకున్నాడు. 1943లో అక్కడ మొదలైన ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం గోండు యువకులనే పంతుళ్లుగా తయారుచేసింది. వాచకాలు కూడా గోండిలోనే, దేవనాగరి లిపిలో అచ్చువేయించారు. ఆయన వెళ్లిపోయాక కూడా పాఠం చెప్పడానికి ఊళ్లో మనుషులు మిగిలారు. ఆ దంపతుల సమాధులు మార్లవాయిలోనే ఉన్నాయి, ఏటా జనవరిలో గోండులు అక్కడ వర్ధంతి జరుపుతారు.

ఎనిమిది వారాల వాలంటీరు ఇంత చేయలేడు, నిజమే. కానీ ఆ ఊరి మాట కొంతైనా నేర్చుకోవడం, అక్కడి టీచరు పక్కన నిలబడి పనిచేయడం ఎవరైనా చేయగలరు. దాన్ని సాధన చేయడానికి ఉట్నూరు, జైనూరు, కెరమెరి వైపు బడుల కంటే మంచి చోటు దొరకదు. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం తెచ్చారు. ఇంట్లో గోండి, కొలామీ లేదా లంబాడీ మాట్లాడే పిల్లకు తెలుగే రెండో భాష, ఇంగ్లిష్ దాని మీద మరోటి. అలాంటి తరగతికి టెన్సుల పట్టికతో వెళ్తే వారం తిరక్కుండానే మీకే విసుగొస్తుంది. బస్సు, సంత, రేషన్ దుకాణం చుట్టూ చిన్నచిన్న మాటలు కట్టి చెప్పడం, బొమ్మ చూపించి మాట్లాడించడం అక్కడ అలవాటైతే, వియత్నాం తీరంలోని పల్లెలో కూడా అదే పద్ధతి నడుస్తుంది.

దారి కష్టమేం కాదు. మీరు కాలేజీ ఎన్ఎస్ఎస్‌లో చేరి ఉంటే రెండేళ్లకు 240 గంటల సేవ ఎలాగూ చేయాలి. మొక్కలు నాటి ఫొటో దిగే బదులు అందులో సగం దత్తత గ్రామం బడికి ఇవ్వండి. హెడ్మాస్టర్ సారును కలిసి అనుమతి తీసుకోండి. మొదటి రోజు ఎంతమంది అయిదు వాక్యాలు పైకి చదవగలిగారో రాసిపెట్టుకోండి, చివరి రోజు మళ్లీ చూడండి. రెజ్యూమెలో నిలబడేది ఆ కాగితమే.

సముద్రతీరమే కావాలంటే, ఒడిశాలో పూరీ పక్కనే తెలుగు జాలరుల వాడ ఉంది. ఇంట్లో తెలుగు, చుట్టూ ఒడియా. పాస్‌పోర్టు లేకుండానే మీ తెలుగుతో ఇంగ్లిష్ చెప్పగల తీరం అది.

డీఎస్సీ మీద కన్నున్న వాళ్లకు ఒక మాట. అక్కడ వాలంటీరు సర్టిఫికెట్‌కు మార్కులేం కలవవు. బీఈడీ లేదా డీఈడీ, టెట్, రాతపరీక్ష, అంతే. ఈ అనుభవానికి విలువిచ్చే తలుపులు వేరు. టీచ్ ఫర్ ఇండియా ఫెలోషిప్ రెండేళ్లు, జీతంతో. హైదరాబాద్‌లో కూడా తరగతులున్నాయి. ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా 13 నెలలు పల్లెలో ఉంచుతుంది. విదేశాల్లో ఇంగ్లిష్ బోధనే వృత్తి అనుకుంటే కేంబ్రిడ్జి వాళ్ల సెల్టా కోర్సు ఉంది, అందులో ఆరు గంటలు నిజమైన తరగతిలో పాఠం చెప్పి తీరాలి. ఇంగ్లిష్ టీచర్లకు ఫుల్‌బ్రైట్ ఎఫ్ఎల్‌టీఏ కూడా ఉంది: దాదాపు తొమ్మిది నెలలు అమెరికా విశ్వవిద్యాలయంలో మన భాష నేర్పుతూ అక్కడే చదువుకోవచ్చు. ఏయే భారతీయ భాషలు తీసుకుంటారో ఆ ఏటి ప్రకటనలో చూసుకోండి.

చివరగా, విదేశానికే బయలుదేరేటట్లయితే: పిల్లలతో పనిచేసే మంచి సంస్థ పోలీస్ క్లియరెన్స్ అడుగుతుంది. పాస్‌పోర్ట్ సేవలో ముందే దరఖాస్తు పెట్టుకోండి. అలాంటిదేమీ అడగకుండా డబ్బు కోసం మాత్రం తొందరపెట్టే సంస్థ అయితే, అక్కడితో ఆగిపోండి.