పర్యావరణ పోరాటంలో శాస్త్రం – చట్టం – ప్రజలు

హాస్టల్ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు!

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది మేమే మొదలు. వానలు లేక వేరుశనగ ఎండిపోయిన ప్రతి ఏడూ మా నాయన "దేవుడు కరుణించలేదు" అని ఊరుకునేవాడు. పి.జి. కోసం తిరుపతికి వచ్చి నాలుగు పుస్తకాలు తిరగేశాక మాకొక ప్రశ్న పుట్టింది. నీళ్ళు చెడిపోవడంలో, ఎండలు ముదరడంలో మనుషుల తప్పు కూడా ఉంటే, దాన్ని కోర్టులో నిరూపించవలసింది ఎవరు? నష్టపోయినవాడా, నష్టం చేసినవాడా?

పాలారు నేర్పిన పాఠం

పాలారు కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి, మన కుప్పం ప్రాంతం మీదుగా తమిళనాడులోకి పోతుంది. అక్కడ వాణియంబాడి, ఆంబూరు, రాణిపేటల్లో తోళ్ళు శుద్ధిచేసే కార్ఖానాలు వందల్లో ఉన్నాయి. వాటి మురుగు ఏట్లోకి, పొలాల్లోకి చేరింది. వేలూరు పౌరుల సంక్షేమ వేదిక సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆ ప్రాంతంలో సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి పూర్తిగానో, కొంతమేరకో పనికిరాకుండా పోయిందని వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రం సర్వే తేల్చింది. ప్రజల గోడుకు శాస్త్రం అంకెలనిచ్చింది.

1996 ఆగస్టు 28న తీర్పు వచ్చింది. కాలుష్యం చేసినవాడే నష్టం చెల్లించాలనీ, పూర్తి శాస్త్రీయ రుజువు లేదన్న సాకుతో నివారణ చర్యలను వాయిదా వేయకూడదనీ కోర్టు చెప్పింది. ఈ రెండో దానినే ముందుజాగ్రత్త సూత్రం అంటారు. తన పని వల్ల హాని లేదని నిరూపించుకునే భారం పరిశ్రమదే.

గండిపేట కేసు

హైదరాబాదుకు తాగునీరిచ్చే గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల చుట్టూ 10 కిలోమీటర్లలో కాలుష్య పరిశ్రమలు పెట్టరాదని 1996లో 111వ నంబరు జీ.వో. వచ్చింది. ఆ పరిధిలో ఆముదం ఉత్పత్తుల కర్మాగారం పెట్టబోయారు. నిపుణుల మాటలు విన్న అప్పీలు అధికారి ప్రమాదం లేదన్నారు. కాలుష్య నియంత్రణ మండలి ఒప్పుకోలేదు. ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు పేరుతో ప్రసిద్ధమైన ఈ కేసులో సుప్రీంకోర్టు 1999లో ఒక నిజం ఒప్పుకుంది: ఇంతటి శాస్త్ర విషయాలు తేల్చడానికి న్యాయమూర్తుల చదువు ఒక్కటే చాలదు, పక్కన శాస్త్రజ్ఞులు ఉండాలి. 2000 డిసెంబరులో కర్మాగారానికి మినహాయింపు చెల్లదని తేల్చింది. తరువాత 2010 చట్టంతో వచ్చిన జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో న్యాయమూర్తులతోపాటు నిపుణులూ కూర్చుంటారు.

వాతావరణ కేసుల్లో చిక్కు

మురుగునీటి కేసులో ఫలానా గొట్టం అని వేలెత్తి చూపించవచ్చు. భూగోళం వేడెక్కడానికి ఏ గొట్టాన్ని చూపిస్తాం? పొగ ప్రపంచమంతటిదీ, కరువు మన ఊరిదీ.

నెదర్లాండ్స్‌లో ఉర్గెండా సంస్థ, సుమారు 900 మంది పౌరులు కలిసి తమ ప్రభుత్వం మీదనే కేసు వేశారు. ప్రపంచ ఉద్గారాల్లో తమ దేశం వాటా సముద్రంలో కాకిరెట్ట అన్న వాదన నిలవలేదు. 2020 చివరికి ఉద్గారాలను 1990 నాటికంటే కనీసం 25 శాతం తగ్గించాలన్న 2015 తీర్పును, 2019లో అక్కడి సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆ అంకెకు ఆధారం శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ నివేదికలే.

మన దేశంలో మలుపు 2024 మార్చి 21న వచ్చింది. బట్టమేక పిట్టను కరెంటు తీగల నుంచి కాపాడాలన్న రంజిత్‌సిన్హ్ కేసులో, వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ పొందడం రాజ్యాంగం 14, 21 అధికరణాల కింద హక్కేనని సుప్రీంకోర్టు చెప్పింది. అయితే అదే తీర్పులో, సౌర విద్యుత్తు కూడా అవసరమంటూ తీగలను భూమిలో వేయాలన్న 2021 ఆదేశాన్ని సడలించి, విషయాన్ని నిపుణుల కమిటీకి అప్పగించింది. మంచికీ మంచికీ మధ్య కూడా తగవు వస్తుందన్నమాట.

తీర్పుతో అయిపోదు

గండిపేట జీ.వో. ఆంక్షలను 2022లో తెలంగాణ ప్రభుత్వం సడలించింది. పాలారు బాధితులకు పరిహారం అందేలా చూడమనీ, కాలుష్యాన్ని అరికట్టమనీ 2025 జనవరిలో, అంటే ఇరవై ఎనిమిదేళ్ళ తరువాత, సుప్రీంకోర్టు మళ్ళీ ఆదేశించవలసి వచ్చింది. కనిపెట్టుకుని ఉండే జనం లేకపోతే తీర్పు కాగితంగానే మిగులుతుంది.

మనమేం చేయగలం?

మన ఊరి బోరు నీళ్ళ రంగు, రుచి మారితే తేదీతో సహా నోటుబుక్కులో రాసిపెడదాం. నీటి పరీక్ష చేయించి కాగితం దాచుకుందాం. కాలుష్య మండలి తనిఖీ నివేదికలను 2005 సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 న్యాయసేవల చట్టం చెబుతోంది. హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి మన పక్కనే చెన్నైలో ఉంది. కానీ వివాదం మొదలైన ఆరు నెలల్లోపు, నష్టపరిహారం కోసమైతే ఐదేళ్ళలోపు వెళ్ళాలి. గడువు దాటాక ఎంత ఏడ్చినా లాభం తక్కువ.

శాస్త్రం సాక్ష్యం చెబుతుంది. చట్టం తీర్పు చెబుతుంది. ఆ రెండింటినీ ఒకచోటికి తెచ్చి నిలబెట్టేది మాత్రం నష్టపోయిన మనుషులే. మా నాయనకు ఇవేవీ తెలియక దేవుడి మీద భారం వేశాడు. చదువుకున్న మనం కూడా అలాగే ఊరుకుంటే, ఈ హాస్టల్ అన్నానికి అర్థమేమిటి?